రెండో కోతకి రాని జొన్న

మొన్న వైశాఖంలో మా వదినగారు కుడికంటికి శుక్లం తీయించుకుని వారం రోజులు అమలాపురంలో మా ఇంట్లో ఉన్నారు. టీవీ చూడకూడదు, పుస్తకం పట్టకూడదు, పొయ్యి దగ్గరికి వెళ్లకూడదు. నల్లద్దాలు పెట్టుకుని వరండాలో మడతమంచం మీద కూర్చునేవారు. చేతిలో పని లేకుండా కూర్చోవడం ఆవిడకి పుట్టి బుద్ధెరిగాక అలవాటు లేదు. రెండో రోజుకే విసుగొచ్చి, "ఏమండీ మరిదిగారూ, ఆ బీరువా నిండా డైరీలు పెట్టుకున్నారు కదా, ఏదో ఒకటి తీసి చదవండి. నాకు పొద్దుపోతుంది, మీకు గొప్పగానూ ఉంటుంది" అన్నారు. అన్నయ్య పోయిన తర్వాత ఆవిడ నోట ఎకసెక్కం వినడం అదే మొదటిసారి. సంతోషించి, బీరువా తలుపు తీశాను.

కాలవల శాఖలో వర్క్ ఇన్‌స్పెక్టరుగా చేరిన రోజు నుంచి రిటైరైన రోజు దాకా ఒక్క రోజు ఖాళీ లేకుండా రాసిన డైరీలవి. ఏ తూముకి తలుపు ఎంత ఎత్తామో, ఎక్కడ గట్టు జారిందో రాసుకోవడం ఉద్యోగంలో అవసరం. ఆ అలవాటు మెల్లగా ఇంట్లోకీ వచ్చింది. ఇంట్లో ఎప్పుడు ఏ మాట తేడా వచ్చినా, "వాడి డైరీ తెమ్మనండి" అనేవారు. నేను తెచ్చేవాణ్ణి. గొడవ తీరిపోయేది. అందులో నాకు కొంత గర్వం ఉండేదని ఒప్పుకోవాలి. ఇప్పుడు నా జ్ఞాపకాల్లో ఈ అధ్యాయం రాయడానికి కూర్చుంటే, ఇందులో నాకు నిజంగా గుర్తున్నదెంతో, రాసింది చదివి చదివి గుర్తున్నదనుకుంటున్నదెంతో విడదీయలేకపోతున్నాను. తెలిసినంత వరకు చెబుతాను.

నేను ఉద్యోగంలో చేరిన తొలి సంవత్సరాలవి. రాజోలుకి అయిదారు మైళ్లలో మా ఊరు. రోజూ సైకిలు మీద కాలవగట్టు వెంట వెళ్లి వచ్చేవాణ్ణి. ఇంట్లో అమ్మ, అన్నయ్య, వదినగారు, వాళ్లకి ఇద్దరాడపిల్లలు. రెండోది చంటిపిల్ల. చేను అన్నయ్యది, పాడి వదినగారిది. ఈ విభజన ఎవరూ కూర్చుని చేసింది కాదు గానీ, అందరికీ తెలుసు. అన్నయ్య దొడ్లోకొచ్చి గేదె పొదుగు వంక చూసినా వదినగారు, "మీ చేలో పనయిపోయిందాండి?" అనేవారు. ఆ గేదె నుదుటి మీద తెల్లమచ్చ ఉండేది. బొల్లి అని పిలిచేవారు. రెండో పిల్ల పుట్టినప్పుడు బిడ్డ పాలకని వదినగారి పుట్టింటివాళ్లు దూడతో సహా తోలి పంపించిన గేదె అది. తెల్లవారుజామున ఆవిడ దానితో మాట్లాడుతూ పాలు పితికేవారు. మాతో మాట్లాడేటప్పుడు లేని చనువు ఆ మాటల్లో ఉండేది. "ఏమే, నిన్న మా అన్నయ్య వస్తానన్నాడు, రాలేదు చూశావా" అని దానికి చెప్పుకునేవారు. దొడ్డి నిండా కుడితి వాసన, పిడకల పొగ, తడిసిన తాటాకుల వాసన కలిసి ఉండేవి. ఆ వాసన ఇప్పుడెక్కడైనా తగిలితే నాకు ముందు ఆవిడ గొంతే వినిపిస్తుంది.

ఆ ముందటి కార్తీకంలో పెద్ద గాలివాన వచ్చి కొబ్బరిచెట్లు పడిపోయాయి, వరి చేలోనే కుళ్లింది. గడ్డివాము వెయ్యడానికి గడ్డి లేదు. పుల్లగా కంపుకొట్టే నల్లటి గడ్డి వేస్తే బొల్లి మూతి తిప్పుకునేది. వేసవికి మేత ఎలాగని ఊరంతా ఇదే మాట. అప్పుడు పశువుల ఆసుపత్రిలో మేతకని జొన్న విత్తనాలు ఇస్తున్నారని తెలిసి, ఒక సాయంత్రం ఆఫీసు నుంచి వస్తూ ఆగాను. గింజ కోసం కాదు, చొప్ప కోసం పెంచే జొన్న. ఒకసారి కోస్తే మోళ్ల నుంచి మళ్లీ పిలకలు లేస్తాయి, రెండుమూడు కోతలు వస్తాయి. డాక్టరు గారు ఓపిగ్గా అంతా చెప్పారు. నేను అక్కడే బల్ల మీద డైరీ పెట్టుకుని రాసుకున్నాను. ఆయన నవ్వి, "రాసుకునే రైతుని మొదటిసారి చూస్తున్నానండి" అన్నారు. నేను రైతుని కాదని చెప్పలేదు.

సంచీ చూసి అన్నయ్య, "జొన్నలేంట్రా? మెట్టోళ్ల పంట. మన నేల నవ్వుతుంది" అన్నాడు. అమ్మ గుప్పెడు గింజలు చేతిలోకి తీసుకుని, వేళ్లతో జార్చి చూసి, "ఇవి చూడాలంటే మా కాలంలో గోదారి దాటి వెళ్లాలి" అంది. వదినగారు ఒక్కరే, "దానికి తియ్యగా ఉంటుందంటాండి?" అని అడిగారు. 'దానికి' అంటే బొల్లికి. మాఘమాసంలో ఇంటి వెనక మెరక చేలో ఒక మడి చల్లాము. పక్కవాళ్లు గట్టు మీద ఆగి చూసి, నాలుగు మాటలు విసిరి పోయేవారు. మొక్క మనిషెత్తు పెరిగేసరికి ఆ మాటలు తగ్గాయి. సాయంత్రంపూట గాలి వీస్తే ఆకులు ఒకదానికొకటి రాసుకుని చప్పుడు చేసేవి. వరి చేసే చప్పుడు వేరు. ఇది ఎవరో ఆ మడిలో నడుస్తున్నట్టుండేది.

డాక్టరు గారు చెప్పినవి ముఖ్యంగా రెండు. మొదటిది, పూతకి వచ్చేదాకా కొయ్యకూడదు. రెండోది, కోసిన తర్వాత మోళ్ల మీద లేచే లేత పిలకల్ని పశువు నోటికి అందనివ్వకూడదు, అందులోనూ నీరందక వాడిన పిలకైతే అచ్చంగా విషమే. మొదటి మాట ఆ రోజే అన్నయ్యకి చెప్పాను. దానికి అనుమానం లేదు, ఎందుకంటే మధ్యలో రెండుసార్లు వదినగారు కొడవలి పట్టుకుని బయల్దేరితే అన్నయ్య ఆపాడు. రెండో మాట కోసిన రోజున చెప్పాలనుకున్నాను. ఏ సంగతి ఏ రోజుకి అవసరమో ఆ రోజు చెబితే మనసులో ఉంటుంది, ముందే చెబితే మర్చిపోతారు అన్నది నా పద్ధతి. ఆఫీసులో కాలవ తలుపులు ఎత్తే లస్కర్లకి అలాగే చెప్పేవాణ్ణి.

మొదటి కోత ఒక ఆదివారం కోశాము. మోపులు కట్టి దొడ్లో వేస్తుంటే పచ్చి చెరకు లాంటి వాసన. బొల్లి తాడు తెంపుకునేలా లాగింది. అది నమిలే చప్పుడు వింటూ వదినగారు చంటిపిల్లని చంకనేసుకుని చాలాసేపు అక్కడే నిలబడ్డారు. అమ్మ కూడా ఒక కాడ విరిచి నమిలి చూసి ఉమ్మేసింది. మర్నాడు బొల్లి రెండుపూటలా పాలు బాగా ఇచ్చింది. ఇదంతా నాకు బాగా గుర్తుంది. వదినగారికి రెండో మాట చెప్పడం మాత్రం గుర్తు లేదు.

ఆ తర్వాత ఏటా కట్టినట్టే మరమ్మతులకి కాలవలు కట్టేశారు. నాకు ఉద్యోగంలో ఊపిరాడని రోజులవి. పూడికతీత, గోడల పని, మేస్త్రీల వెంట తిరగడం. ఇంటికొచ్చి అన్నం తిని పడుకునేవాణ్ణి. మెరక చేను నోళ్లు తెరిచింది. జొన్న మోళ్ల మీద పిలకలు జానెడు లేచి, నీరు లేక అక్కడే ఆగి, కొసలు చుట్టుకుపోయాయి. కానీ చుట్టూ అంతా ఎండిపోయిన చోట ఆ కాస్త పచ్చదనం కంటికి కనిపిస్తుంది కదా. మా ప్రాంతంలో వరి కోతలయ్యాక పశువుల్ని మోళ్లలో వదలడం తాతల నాటి అలవాటు. కొయ్యకాలు మీద లేచిన చిగురు పశువుకే చెందుతుందని లెక్క. దాన్ని వదిలెయ్యడం అంటే మేత నేలపాలు చెయ్యడమే. వరి చిగురుతో ఏ గేదెకీ ఏమీ కాలేదు. జొన్న చిగురు వేరని మెట్టలో పుట్టిన పిల్లలకి కూడా తెలుసట. మా ఊళ్లో అది తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే.

ఆ రోజు నాకు సెలవు. పన్నెండు దాటాక వదినగారు బొల్లిని నీళ్లకి తోలుకెళ్లి, వస్తూ కాసేపు ఆ మడిలో వదిలారు. దూడ ఇంటి దగ్గరే కట్టేసి ఉంది. గట్టు దిగుతుండగానే బొల్లి తూలింది. దొడ్లోకి వచ్చి పడిపోయింది. నోటి వెంట నురగ, డొక్కలు ఎగరెయ్యడం. అన్నయ్య కడుపుబ్బరం అనుకుని వెదురుగొట్టంతో నూనె పట్టబోయాడు. నేను, "ఎక్కడ మేసింది?" అని అడిగాను. "జొన్న మోళ్లలోనండి, ఎంతోసేపు కాదు" అన్నారు వదినగారు. నేను సైకిలెక్కి ఆసుపత్రికి పరిగెత్తాను. డాక్టరు గారు ఇంకో ఊరు వెళ్లి ఉన్నారు. వెతికి తీసుకొచ్చేసరికి అది పోయింది. దూడ అరుస్తోంది. వదినగారు బొల్లి మెడ కింద చెయ్యి పెట్టి కూర్చుని ఉన్నారు, ఏడవడం లేదు.

డాక్టరు గారు కనురెప్ప ఎత్తి చూసి, లేచి, నా వైపు తిరిగి, "పిలకలు మేపొద్దని చెప్పేను కదండీ. మీరు రాసుకున్నారు కూడానూ" అన్నారు. దొడ్లో అప్పటికి పదిమంది చేరారు. అందరూ నా వంక చూశారు. "ఇంట్లో చెప్పానండి" అన్నాను. ఈ మాట అన్నట్టు గుర్తుంది. నా గొంతు కూడా గుర్తుంది. అన్నయ్య వదినగారి వైపు తిరిగాడు. ఆవిడ తలెత్తకుండా, "నాకెవరూ చెప్పలేదండి" అన్నారు.

"వాడు చెప్పేనంటున్నాడు కదా."

"ఏమోనండి. నాకు చెప్పలేదు. చెప్తే ఎందుకు వదులుతాను?"

"ఒరేయ్, నీ పుస్తకం తే."

నేను లోపలికి వెళ్లాను. చెక్కబీరువా తలుపు, కలరా ఉండల వాసన, చేతికి తగిలిన చల్లటి అట్ట. ఇంతవరకు గుర్తుంది. "ఏరా, ఇంకా దొరకలేదా?" అని అమ్మ కేక వేయడం కూడా గుర్తుంది. డైరీలు ఏడాది వారీగా పెట్టుకునేవాడికి డైరీ దొరకకపోవడం ఏమిటి? అంతసేపు లోపల ఏం చేశానో నాకు గుర్తు లేదు. బయటికొచ్చి మొదటి కోత కోసిన ఆదివారం పేజీ తీసి అన్నయ్య చేతికిచ్చాను. ఆయన పైకి చదివాడు. "జొన్న మొదటి కోత. బొల్లి ఇష్టంగా తింది. అమ్మ కూడా రుచి చూసింది. పిలకలు మేపవద్దని వదినగారికి చెప్పాను." డైరీ మూసి నాకిచ్చేశాడు. వదినగారు బొల్లి మెడ కింద నుంచి చెయ్యి తీసుకున్నారు.

ఆ తర్వాత జరిగింది పెద్ద గొడవేం కాదు, అందుకే అది అన్నాళ్లు సాగింది. వదినగారి నాన్నగారు వచ్చి, అరుగు మీద కూర్చుని, మంచినీళ్లు తాగి, దూడని తోలుకుపోయారు. పాడి సంగతి అమ్మ చూసుకోవడం మొదలుపెట్టింది. తర్వాత కొన్న గేదె పొదుగు మీద వదినగారు చెయ్యి వెయ్యలేదు. వెయ్యమని ఎవరూ అనలేదు కూడా. ఇంట్లో ఎవరైనా చెప్పిన పని మర్చిపోతే, "వదినగారి మేతయింది" అనేవాళ్లం. ఈ మాట నేనూ అన్నాను. ఊళ్లో బంధువులు అన్నారు. పెద్దమ్మాయి పెళ్లయి అత్తారింటికి కొత్తపేట వెళితే, అక్కడికీ ఈ మాట చేరింది. వదినగారు నవ్వేవారు. చాలా ఏళ్ల తర్వాత, అమ్మ పోయాక, ఒక ఆవుని కొనుక్కుంటానని ఆవిడ అడిగితే అన్నయ్య, "పచ్చగా కనిపిస్తే చాలు తోలేస్తావు నువ్వు, ఎందుకులే" అన్నాడు. ఆ మాటలు నా ఎదుటే జరిగాయి. నేను ఆ రోజు డైరీలో వాన పడిందని రాశాను. ఆవు మాట రాయలేదు.

ఇప్పుడు మెరక చేను చేపల చెరువయింది. మా ఊళ్లో పాలు ప్యాకెట్లలో వస్తున్నాయి. ఉన్న రెండు మూడు గేదెలకి మేత పెద్ద ప్లాస్టిక్ సంచుల్లో ఊరవేసి, లారీల మీద తెచ్చి అమ్ముతున్నారు. ఎప్పుడు కొయ్యాలో, ఎప్పుడు మేపకూడదో ఇంట్లో ఎవరూ ఎవరికీ చెప్పనక్కర్లేదు. అది మేలేనని నా మనసుకి అనిపిస్తుంది. మేలని రాయబోతే మాత్రం చెయ్యి ఆగుతోంది. ఎందుకో తెలియదు.

మళ్లీ మొన్నటి మాటకి వస్తాను. వరండాలో చదువుతూ చదువుతూ ఆ ఏటి డైరీకి వచ్చాము. ముందే చూసుకుని దాటవేసి ఉండొచ్చు. ఆవిడకి పేజీ కనపడదు. కానీ వరసగా చదివే అలవాటు వల్ల ఆ ఆదివారంలోకి నడిచిపోయాను. మొదటి మూడు వాక్యాలు సిరాకలంతో ఉన్నాయి. నాలుగో వాక్యం బాల్‌పెన్నుతో ఉంది. అక్షరం కొంచెం చిన్నది, అడుగున గీతకి ఆనించి ఇరికించినట్టు ఉంది. ఇన్నేళ్లలో ఆ పేజీ నేను మళ్లీ తీసి చూడలేదు. ఆగిపోయాను.

"ఆగేరేంటండి? కళ్లజోడు మసకేసిందా?"

"ఒక్క నిమిషం వదినగారూ."

పేజీలు ముందుకీ వెనక్కీ తిప్పాను. ఆ ఏడాది నేను సిరాకలమే వాడాను. బొల్లి పోయిన మర్నాటి నుంచి వారం రోజులు బాల్‌పెన్ను ఉంది. సరే, తేలిపోయిందనుకున్నాను. కానీ మొదటి కోతకి నాలుగు రోజుల ముందు కూడా ఒక పేజీ సగం బాల్‌పెన్నుతో ఉంది, సిరా అయిపోయిందని అక్కడే రాసుకున్నాను. అంటే ఆ ఆదివారం నా జేబులో రెండు కలాలూ ఉండి ఉండొచ్చు. పొద్దున్న ఒకటి, సాయంత్రం ఒకటి. కాలవ తలుపు అంగుళాల లెక్కన రాసినవాణ్ణి, ఇది మాత్రం ఎటూ తేల్చలేకపోయాను. చివరికి ఆ వాక్యంతో సహా పైకి చదివాను.

"ఆయ్" అన్నారు వదినగారు, మామూలుగా.

"వదినగారూ, నిజం చెప్పండి. నేను మీకు చెప్పానా?"

"మీరు రాసేరు కదండీ."

"రాసింది పక్కన పెట్టండి. మీకు గుర్తుందా అని."

ఆవిడ నల్లద్దాలు సర్దుకున్నారు. "మొదట్లో చెప్పలేదనే అనుకునేదాన్నండి. మీ అన్నయ్యగారితో రెండు మూడేళ్లు దెబ్బలాడేను కూడానూ. వాడు రాసుకున్నాడే, వాడెందుకు అబద్ధం రాస్తాడే అనేవారు. అదీ నిజమే కదా అనిపించింది. మీకేం అవసరం. తర్వాత్తర్వాత మెల్లగా గుర్తుకొచ్చింది. మీరు నూతి గట్టు దగ్గర నిలబడి చెప్పేరు. నేను చంటిదాని మూతి తుడుస్తా చెవినపెట్టలేదు. అప్పుడు మీరు వేసుకున్న చొక్కా కూడా చెప్పగలను. ఆకుపచ్చ గళ్ల చొక్కా."

ఆ చొక్కా నాకు బాగా తెలుసు. బండారులంక నుంచి తెచ్చిన నేత గుడ్డ. నా పెళ్లిచూపులకని కుట్టించుకున్నది. పెళ్లిచూపులు ఆ మరుసటి ఏడు. అయినా లోపలికి వెళ్లి ఆ డైరీ కూడా తీసి చూశాను. దర్జీకి ఇచ్చిన రోజు రాసి ఉంది. తిరిగి వచ్చి కూర్చున్నాను. చెప్పాలా వద్దా అని చాలాసేపు తోచలేదు. చెబితే ఆవిడకి ఏం మిగులుతుందో తెలియదు. చెప్పకపోతే, దొడ్లో పదిమంది ముందు ఒకసారి చేశానేమోనని అనుమానిస్తున్న పని ఇప్పుడు ఎవరూ చూడకుండా ఖాయంగా చేసినట్టవుతుంది.

"ఆ చొక్కా అప్పటికి లేదండి వదినగారూ. తర్వాతి ఏడు కుట్టించుకున్నాను. నేను మీకు చెప్పి ఉండకపోవచ్చు. ఆ మాట ఆ రోజు లోపలికెళ్లినప్పుడు రాసి ఉండొచ్చు. నాకు తెలియడం లేదు."

ఆపరేషన్ చేసిన కంట్లో నీరు రాకూడదని డాక్టర్లు చెప్పారు. నాకు ఆ భయం పట్టుకుంది. కానీ ఆవిడ ఏడవలేదు.

"అయితే ఆ నూతి దగ్గర నిలబడి చెప్పింది ఎవరండీ?" అన్నారు.

అన్నయ్య ఉంటే ఆయనకి చెప్పేవాణ్ణి. ఆయన లేడు, అమ్మ లేదు. ఎవరి ఎదుట ఆవిడ మాట పడ్డారో వాళ్లెవరూ లేరు. పిల్లలకి చెబుతానని అన్నాను. ఫోను చేసి ఇద్దరికీ ఇప్పుడే చెబుతానన్నాను. "చెప్పండి" అన్నారు. వద్దంటారనుకున్నాను. అనలేదు. ఇద్దరికీ చెప్పాను. పెద్దది నవ్వేసింది. చిన్నది మాత్రం, "అమ్మకివ్వండి బాబాయ్" అంది. వాళ్లిద్దరూ ఏం మాట్లాడుకున్నారో నేను వినలేదు. లోపలికి వెళ్లిపోయాను.

మర్నాడు అలవాటుగా మళ్లీ డైరీ తీసుకుని వరండాలోకి వచ్చాను. అడుగుల చప్పుడు విని ఆవిడ చెయ్యి ఎత్తారు.

"ఇంక చదవకండి మరిదిగారూ" అన్నారు. "నాకంటూ ఇంకా కొన్ని గుర్తున్నాయి. వాటిని అలా ఉండనివ్వండి."